పాత సైనిక తుపాకి గొట్టం చారిత్రక ఆధారంగా: మహదేవపూర్ – జనగామ ప్రాంత నేపథ్యంలో జీర్ణోద్ధరణ సమస్య

కీలక పదాలు: తుపాకి, బర్మారు, త్రీనాట్‌త్రీ, రైఫ్లింగ్, ఆయుధ చట్టం, సాయుధ పోరాటం, జీర్ణోద్ధరణ, గ్రంథపాతం, ప్రక్షిప్తం

ఉపోద్ఘాతం

తెలంగాణ చరిత్ర రచనలో శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కైఫీయతులు, జానపద గేయాలు ఆధారాలుగా స్థిరపడ్డాయి. ఆయుధాలకు ఆ స్థానం దక్కలేదు. పోరాటాల చరిత్ర రాసినవారు తుపాకిని పేర్కొంటారు, దాన్ని పరిశీలించరు. ఫలానా పోలీసు స్టేషన్ నుంచి ఇన్ని తుపాకులు తెచ్చారని రాస్తారు. అవి ఏ రకానివి, ఎక్కడ తయారైనవి, ఎన్ని చేతులు మారాయి, వాటి గొట్టాలు ఏ స్థితిలో ఉన్నాయి అనే ప్రశ్నలు చరిత్రకారునివి కావన్న భావన మన పరిశోధనలో ఉంది.

ఈ నిర్లక్ష్యానికి ఒక ఆచరణాత్మక ఫలితం ఉంది. పాత సైనిక తుపాకి దొరికినప్పుడు దాన్ని బాగుచేయించాలన్న కోరిక సహజంగా కలుగుతుంది. తుప్పు గీకి, చెక్కకు మెరుగు పెట్టి, అరిగిన గొట్టంలో కొత్త గొట్టం దూర్చడాన్నే చాలామంది జీర్ణోద్ధరణ అనుకుంటారు. ఆ తుపాకి గతం గురించి అతి ముఖ్యమైన సమాచారం ఆ అరిగిన గొట్టంలోనే ఉండే అవకాశం ఉంది. ఈ వ్యాసం గొట్టం అరుగుదలను లోపంగా కాక ఆధారంగా చూడవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది. అందుకు గోదావరి తీరంలోని మహదేవపూర్ ప్రాంతాన్ని, సాయుధ పోరాటానికి కేంద్రమైన జనగామ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకుంటుంది.

తుపాకి మాటల చరిత్ర

తెలుగులో ఆయుధ పదజాలమే ఒక చిన్న చరిత్ర. ‘తుపాకి’ తుర్కీ ‘తుఫెక్’కు చెందిన పద కుటుంబం నుంచి దక్షిణ భాషలన్నింటిలోకి వచ్చింది. పాశ్చాత్యులను సూచించే ‘ఫరంగీ’ శబ్దం తెలుగులో ‘ఫిరంగి’గా మారి మనిషిని వదిలి ఆయుధానికి పేరయింది. ‘తూటా’ హిందుస్తానీ ‘టోటా’కు దగ్గరి రూపం. మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించి పేల్చే తుపాకిని తెలంగాణలో ‘బర్మారు’ అంటారు. ఇది ‘భర్’ (నింపు), ‘మార్’ (కొట్టు) అనే హిందుస్తానీ ధాతువుల కలయిక. తుపాకి పనిచేసే తీరే దాని పేరయింది. 20వ శతాబ్దిలో ‘త్రీనాట్‌త్రీ’ వచ్చింది. అంగుళంలో వెయ్యింట 303 వంతుల గొట్టం కొలతను సూచించే ఈ అంకె అక్షరం రాని పల్లెల్లో కూడా మాటగా స్థిరపడింది.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగలేదు. ఐరోపా లోహశాస్త్రంలో ప్రసిద్ధమైన ‘వూట్జ్’ అనే ఉక్కు పేరు, ద్రావిడ భాషల్లోని ‘ఉక్కు’కు వికృతి అని పండితులు భావిస్తున్నారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించే విధానాన్ని 19వ శతాబ్ది తొలినాళ్లలో డాక్టర్ వాయిసీ స్వయంగా చూసి రాశారు. ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి కూడా ఆయన అక్కడ కలుసుకున్నారు. హైదరాబాద్‌లో 1786 ప్రాంతంలో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా ‘తోప్ కా సాంచా’గా ప్రసిద్ధికెక్కింది. గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు దాని గుర్తు. 1798లో రేమండ్ మరణం, అదే ఏడాది ఫ్రెంచి దళం రద్దుతో ఈ స్వతంత్ర ఆయుధ వ్యవస్థ దెబ్బతిన్నది. ఆ తరువాత ఈ నేల మీద తిరిగిన మేలైన సైనిక తుపాకి ఎక్కువగా బయట తయారైనది, బయటివారి నియమాలతో వచ్చినది.

రెండు తీరాలు, రెండు పాలనలు

మహదేవపూర్ నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మండల కేంద్రం. టస్సరు పట్టుకు, అడవికి, సమీపంలోని కాళేశ్వర క్షేత్రానికి పేరొందింది. నిజాం పాలనలో ఇది కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఆవలి ఒడ్డున సిరొంచ. ఎడమ తీరంలోని సిరొంచ, అల్బాక, నూగూరు, చర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860 ఒప్పందంలో బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించాడు. అప్పటినుంచి 1947 దాకా ఇక్కడ గోదావరి రెండు పాలనల మధ్య సరిహద్దు. రెండు ఒడ్డులా తెలుగు మాట్లాడే జనమే, బంధుత్వాలు ఉన్న కుటుంబాలే. కాని చట్టాలు వేరు.

ఆవలి ఒడ్డున 1878 నాటి భారత ఆయుధ చట్టం అమలైంది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరమైంది. ఆ నిబంధనల నుంచి ఐరోపా వారికి మినహాయింపు ఉండేది. ఈ వివక్షను సవరించాలని 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ కోరింది. ఈవలి ఒడ్డున ఆ చట్టానికి అధికారం లేదు. నిజాం రాజ్యంలో ఆయుధం దొరల గడీల్లో, అరబ్బు, రోహిల్లా సిబ్బంది చేతుల్లో, తరువాత పోలీసు, సైన్యం చేతుల్లో ఉండేది. ఒక ఒడ్డున ఆయుధాన్ని చట్టం అదుపుచేస్తే, మరో ఒడ్డున కులం, భూమి, హోదా అదుపుచేశాయి. రైతు చేతికి రెండుచోట్లా మిగిలింది వేటకు, పంట కాపలాకు పనికివచ్చే బర్మారే. అందువల్ల ఈ ప్రాంతంలో ఒక పాత సైనిక రైఫిలు కనిపిస్తే, అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చింది అన్నది మొదటి ప్రశ్న కావాలి. దాన్ని ఎలా పేల్చాలన్నది ప్రశ్నే కాదు.

గొట్టం ఎందుకు అరుగుతుంది

రైఫిలుకు, మామూలు తుపాకికి తేడా గొట్టం లోపల ఉంది. రైఫిలు గొట్టం లోపలి గోడ మీద మెలితిరిగిన గాడులు చెక్కుతారు. వీటినే రైఫ్లింగ్ అంటారు. తూటా ఈ గాడులను పట్టుకొని తన చుట్టూ తాను తిరుగుతూ బయటికి పోతుంది కాబట్టి దూరం పోయినా దారి తప్పదు. గాడులు అరిగితే తూటాకు పట్టు దొరకదు, గురి చెదురుతుంది.

అరుగుదలకు కారణాలు కనీసం నాలుగు. మొదటిది వేడి. పేలుడు మంట మొదట తాకేది తూటా గదికి ముందున్న గాడులనే. అక్కడ లోహం క్రమంగా కరిగిపోతుంది. 1888లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన లీ–మెట్‌ఫర్డ్ రైఫిలు చరిత్ర దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. నల్లమందు మసి పేరుకోకుండా దాని గొట్టంలో లోతు తక్కువైన, అంచులు గుండ్రనైన 7 గాడులు చెక్కారు. ఆ తరువాత నల్లమందు స్థానంలో ఎక్కువ వేడి పుట్టించే కార్డైట్ వచ్చింది. మెట్‌ఫర్డ్ గాడులు దానికి తట్టుకోలేక త్వరగా అరిగిపోయాయి. 1895లో లోతైన 5 గాడులతో లీ–ఎన్‌ఫీల్డ్ రావడానికి అదే కారణం. మన త్రీనాట్‌త్రీ ఈ వంశానిదే.

రెండవది రసాయనం. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పాత తూటాల మూల మందులోని క్లోరేటు పేలిన తరువాత ఉప్పు లాంటి పదార్థాన్ని మిగులుస్తుంది. నూనె దాన్ని తొలగించదు. అందుకే సైనికులు గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగేవారు. మూడవది శుభ్రం చేసే పద్ధతి. గొట్టంలోంచి తాడు లాగి తుడిచేటప్పుడు అది ఒక పక్కకే ఒరుసుకుంటే మూతి దగ్గర గాడి పడుతుంది. పేల్చడం వల్ల కాక, శ్రద్ధగా తుడవడం వల్లనే చెడిన గొట్టాలు సైనిక చరిత్రలో తక్కువేమీ కావు. నాలుగవది నిలవ. గోనెలో చుట్టి అటక మీద పెట్టిన తుపాకి, మట్టిలో పాతిన తుపాకి, అడవి తేమలో తిరిగిన తుపాకి ఒకే రకంగా చెడవు.

ఈ నాలుగు కారణాలూ నాలుగు వేర్వేరు ముద్రలు వదులుతాయి. తూటా గది వైపు ఎక్కువ అరిగి మూతి బాగుంటే ఆ తుపాకి బాగా పేలింది. మూతి ఒక పక్కకు అరిగి మొదలు బాగుంటే అది క్రమశిక్షణ గల దళంలో ఎక్కువకాలం ఉండి తక్కువగా పేలింది. గొట్టమంతా గుంటలు పడితే పేల్చాక కడిగే తీరిక దొరకని చేతుల్లో ఉంది, లేదా ఎక్కడో దాగి ఉంది. ఇవి అంతిమ నిర్ణయాలు కావు; ఇతర ఆధారాలతో సరిచూడవలసిన సూచనలు. లిపి పరిణామాన్ని బట్టి శాసన కాలాన్ని ఊహించే పద్ధతి కూడా ఇటువంటిదే.

అరిగినది కాదు, అరగదీసినది

గాడులు లేని ప్రతి గొట్టమూ అరిగిన గొట్టం కాదు. ఈ తేడాను గుర్తించకపోవడమే జీర్ణోద్ధరణలో జరిగే పెద్ద పొరపాటు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం కొలత 0.577 అంగుళం, సుమారు 14.7 మిల్లీమీటర్లు, లోపల 3 గాడులు. 1857 తిరుగుబాటుకు తక్షణ కారణమైన తూటాలు ఈ తుపాకివే. తిరుగుబాటు అణచివేత తరువాత బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ సిపాయిలకు మేలైన రైఫిలు ఇవ్వరాదని నిశ్చయించుకుంది. 1858 నమూనా పేరుతో వచ్చిన తుపాకి బయటికి ఎన్‌ఫీల్డ్ లాగే ఉంటుంది. లోపల గాడులుండవు, గొట్టాన్ని 0.656 అంగుళం, సుమారు 16.7 మిల్లీమీటర్ల దాకా వెడల్పు చేశారు. దూరాన్ని బట్టి సర్దుకునే గురి పలక స్థానంలో కదలని గురి పెట్టారు. గొట్టం గోడ మరీ పలచబడటంతో మరుసటి ఏడాది మందమైన గొట్టంతో మరో నమూనా తేవలసి వచ్చింది. తెల్ల సైనికుని తుపాకి దూరం కొట్టాలి, నల్ల సిపాయి తుపాకి కొట్టకూడదు అన్న రాజకీయ నిర్ణయం ఆ నున్నని గొట్టంలో నిక్షిప్తమై ఉంది.

ఇదే విధానం 20వ శతాబ్దిలో పోలీసు తుపాకిలో కొనసాగింది. బెంగాల్‌లోని ఈశాపూర్ కర్మాగారంలో పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్ల గాడులు తొలిచి, గొట్టాన్ని 0.410 అంగుళానికి నున్నగా చేసి, తూటాల పెట్టెను మూసివేసి, ఒక్కొక్క తూటా మాత్రమే పేలే మస్కట్లుగా మార్చారు. ఇవి పోలీసులకు, కాపలా సిబ్బందికి ఇచ్చినవి. పోలీసు స్టేషన్ మీద దాడి జరిగి తుపాకులు పోయినా అవి సైన్యంతో తలపడేందుకు పనికిరావు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు పట్టుకుపోయిన తీరు చూసినవారికి వలస ప్రభుత్వపు ఈ జాగ్రత్త అర్థమవుతుంది.

ఇటువంటి తుపాకి నేడు ఒకరి చేతికి వస్తే, లోపల గాడులు కనిపించక ‘గొట్టం పూర్తిగా అరిగిపోయింది’ అని తేల్చి, గాడులున్న కొత్త గొట్టం దూర్పిస్తే, ఒక శతాబ్దపు పాలనా విధానానికి మిగిలిన భౌతిక సాక్ష్యం పోతుంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు. అరిగిన గొట్టం కొలత మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు, ఎక్కడో ఒకచోట గాడుల ఆనవాలు మిగులుతుంది. తొలిచిన గొట్టం కొలత అంతటా సమంగా ఉంటుంది. గురి పలక, తూటాల పెట్టె, తాళం రేకు మీద ముద్రలు కలిపి చూస్తే నిర్ధారణ బలపడుతుంది.

సాయుధ పోరాటంలో బర్మారు, త్రీనాట్‌త్రీ

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నాటికి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, గుతపలు, వడిసెలలు. తుపాకులు దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో ఉన్నాయి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా ఆయుధ సేకరణ దళాల ప్రధాన సమస్యగానే ఉంది. గడీల నుంచి, పోలీసుల నుంచి, రజాకార్ల నుంచి గుంజుకున్న తుపాకులే వారి ఆయుధాగారం. రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య, దేవులపల్లి వేంకటేశ్వరరావు, ఆరుట్ల రామచంద్రారెడ్డి, నల్లా నర్సింహులు రాసిన అనుభవ చరిత్రలు ఈ పోరాటానికి ప్రధాన వాఙ్మయ ఆధారాలు.

అప్పటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లి ఇందుకు స్పష్టమైన నిదర్శనం. గ్రామరక్షక దళం ఊరి బురుజును స్థావరంగా చేసుకొని బర్మార్లతో రజాకార్ల దాడులను పలుమార్లు తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యంతో, ఫిరంగులతో వచ్చారు. బురుజు నిలవలేదు, పెద్ద సంఖ్యలో గ్రామస్థులు హతులయ్యారు. బర్మారు ఒకసారి పేలాక మళ్లీ మందు దట్టించాలి, గుడ్డపేలిక వేసి కడ్డీతో కొట్టాలి, గుండు దించాలి, మళ్లీ గురి చూడాలి. ఆ వ్యవధిలో త్రీనాట్‌త్రీ గల సైనికుడు పదికి పైగా తూటాలు పేల్చగలడు. బైరాన్‌పల్లి ప్రజల ధైర్యాన్ని కొలవడానికి ఈ తేడా తెలియడం అవసరం. ఆ తేడాను చూపగలిగేది పుస్తకం కన్నా ఆ రెండు తుపాకులే.

1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించిన తరువాత దళాలు గోదావరి అడవులకు తరలాయి. అడవి జీవితంలో తుపాకి మరమ్మతు పల్లె కమ్మరి నైపుణ్యం మీద ఆధారపడిన విషయం. విరిగిన కుందాకు ఇనుప పట్టీ, పోయిన మరకు చేతితో చేసిన మర, తెగిన వారుకు బదులు నులక తాడు వంటి మార్పులు పాత తుపాకుల మీద కనిపిస్తే వాటిని వికృతులుగా తీసివేయడం తగదు. కర్మాగారం ముద్ర తుపాకి జన్మస్థలాన్ని చెబుతుంది; కమ్మరి పట్టీ అది బతికిన చోటును చెబుతుంది.

జీర్ణోద్ధరణ మార్గాలు, చట్టం

అరిగిన గొట్టం గల సైనిక రైఫిలు విషయంలో ప్రపంచవ్యాప్తంగా సాధారణంగా నాలుగు మార్గాలు అనుసరిస్తారు. ఒకటి, గొట్టాన్ని శుభ్రపరచి ఉన్నది ఉన్నట్టు భద్రపరచడం. రెండు, మూతి దగ్గర అరిగిన భాగాన్ని మాత్రమే కోసి లేదా తొలిచి సరిచేయడం. మూడు, పాత గొట్టం లోపల పలుచని కొత్త గొట్టం దూర్చడం. బయటి రూపం, ముద్రలు నిలుస్తాయి కాని లోపలి ఉపరితలం శాశ్వతంగా పోతుంది. నాలుగు, గొట్టం మొత్తం మార్చడం. లీ–ఎన్‌ఫీల్డ్ వంటి రైఫిలులో గొట్టం మీద, తూటా గది ఉన్న చట్రం మీద, బోల్టు మీద ఒకే వరుస సంఖ్య ఉంటుంది. గొట్టం మారిస్తే ఈ సంబంధం తెగిపోతుంది. మొదటిది తప్ప మిగిలిన మూడూ తుపాకిని పేల్చాలనుకునేవారి మార్గాలు. చరిత్రకు పనికివచ్చేది మొదటిదే.

భారతీయ చట్టం కూడా పరిశోధకుణ్ణి అటే నడిపిస్తుంది. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకి మరమ్మతు, మార్పు వంటి పనులకు లైసెన్సు తప్పనిసరి. 45వ సెక్షన్ పాతబడిన నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ గలవాటికి, చెడిపోయినవాటికి మినహాయింపు ఇస్తుంది. అయితే మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేనివాటికే అది వర్తిస్తుంది. అరిగిన గొట్టం ఒక్కటే ఈ మినహాయింపుకు చాలదు. గాడులు పోయిన తుపాకి గురి తప్పుతుందే కాని పేలకుండా ఉండదు. బాగుచేయడంతో ఒక వస్తువు చారిత్రక అవశేషం నుంచి ఆయుధంగా మారుతుంది. దానితో పాటు దాన్ని ఉంచుకున్నవారి బాధ్యతా మారుతుంది. వందేళ్లు నిండిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కూడా వర్తిస్తుంది. కాబట్టి ఇటువంటిది దొరికినప్పుడు అధికారులకు తెలిపి, ప్రదర్శనశాల ద్వారా భద్రపరచడమే సరైన దారి.

పరిష్కర్త విధి

తెలుగు పరిశోధకులకు ఈ సమస్య కొత్తది కాదు. తాళపత్రం పురుగు కొట్టి అక్షరాలు పోయినచోట పరిష్కర్త ‘గ్రంథపాతం’ అని గుర్తించి చుక్కలు పెడతాడు. తనకు తోచిన పాఠాన్ని పూరిస్తే కుండలీకరణాల్లో చూపుతాడు. ఆ గుర్తులు లేకుండా పూరించిన భాగం, ఎంత అందంగా ఉన్నా, ప్రక్షిప్తమే. వేర్వేరు ప్రతుల్లోని పాఠభేదాలను పుట అడుగున ఇస్తాడు కాని తనకు నచ్చని పాఠాన్ని చెరిపివేయడు.

తుపాకికి ఇదే న్యాయం వర్తించాలి. అరిగిన గాడులు గ్రంథపాతం వంటివి. లోపల దూర్చిన కొత్త గొట్టం గుర్తు పెట్టని పూరణ. కర్మాగారంలో తొలిచిన గొట్టం, కమ్మరి వేసిన పట్టీ పాఠభేదాలు. వాటిని చెరిపివేసి ‘మూల రూపం’ తెచ్చామనుకోవడం భ్రమ. ముందు భాగపు చెక్కకు తీగ చుట్టిన త్రీనాట్‌త్రీలు కొన్ని కనిపిస్తాయి. చూడగానే అది పగిలిన చెక్కకు మోటు మరమ్మతులా తోస్తుంది. నిజానికి అది తుపాకి ద్వారా గ్రెనేడ్లు విసరడానికి సైన్యమే చేసిన బలోపేతం. తీగ విప్పితే ఆ తుపాకి చేసిన పని గురించి అది చెప్పగలిగిన ఒక్క మాటా పోతుంది.

అందువల్ల పాత సైనిక తుపాకి విషయంలో కనీసం ఈ క్రమం పాటించాలి. మొదట అది పేలే స్థితిలో లేదని అధికృత నిపుణుని చేత నిర్ధారించుకోవాలి. ఏ పనికీ ముందు ముద్రలు, సంఖ్యలు, కొలతలు నమోదు చేయాలి. గొట్టం కొలతను మొదట్లో, మధ్యలో, మూతి వద్ద విడివిడిగా రాయాలి. దాని యజమానుల వరుసను, దాని గురించి కుటుంబంలో, ఊరిలో చెప్పుకునే కథలను వారి మాటల్లోనే సేకరించాలి. ఎర్రగా రాలే క్రియాశీల తుప్పును ఆపాలి కాని స్థిరపడిన నల్లని పొరను గీకరాదు. చేసిన ప్రతి పనీ అవసరమైతే తిరిగి తొలగించగలిగేదిగా ఉండాలి, చేసినట్టు రాతపూర్వకంగా ఉండాలి.

ముగింపు

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరిలో త్రీనాట్‌త్రీకి అధికారికంగా వీడ్కోలు చెప్పారు. శతాబ్దానికి పైగా ఈ దేశపు సైనికుల, పోలీసుల, తిరుగుబాటుదారుల చేతుల్లో తిరిగిన ఆ తుపాకి ఇప్పుడు చరిత్ర వస్తువుగా మారుతోంది. మహదేవపూర్ నుంచి జనగామ దాకా విస్తరించిన ప్రాంతంలో పోరాటాన్ని చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. వారి మాటలను కొంతవరకు పుస్తకాలు భద్రపరిచాయి. వారి చేతుల్లోని వస్తువులను భద్రపరచే పని మిగిలే ఉంది.

ఆ పనిలో తెలుగు శాఖలకు పాత్ర లేదనుకోవడం పొరపాటు. ‘బర్మారు’ అన్న మాటను నిఘంటువులో చేర్చే పరిశోధకుడే ఆ వస్తువును వర్ణించగలగాలి. మాట, వస్తువు, జ్ఞాపకం మూడూ ఒకచోట చేరినప్పుడే స్థానిక చరిత్ర నిలుస్తుంది. అరిగిన గొట్టాన్ని కొత్తది చేస్తే దొరికేది మరో తుపాకి మాత్రమే. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచి చదివితే, ఆ గొట్టాన్ని ఎవరు అరగదీశారో, ఎవరి చేతుల్లో అది అరిగిందో చెప్పగల ఆధారం దొరుకుతుంది.